ఎమ్మారైలో "డిస్కులు అరిగాయి" అని వచ్చింది. నా నడుం నొప్పికి కారణం అదేనా?

మియాపూర్_మజిలీ · సోమవారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్లు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, రోజుకు తొమ్మిది పది గంటలు కుర్చీలోనే. నాలుగు నెలల కిందట వంగి షూ లేసు కట్టుకుంటుంటే నడుం కలుక్కుమంది. రెండు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాను, ఇప్పటికీ సర్దుకోలేదు. కూర్చుంటే నొప్పి పెరుగుతుంది, నడిస్తే కాస్త నయం. పొద్దున్నే సింకు మీదికి వంగి మొహం కడుక్కోలేను. కాల్లోకి లాగడం లేదు. ఎప్పుడైనా కుడి పిర్ర దాకా వస్తుంది, అంతే.

పోయిన వారం ఎమ్మారై తీయించాను. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 డిస్క్ డెసికేషన్, డిఫ్యూజ్ బల్జ్. ఎల్5-ఎస్1 దగ్గర యాన్యులర్ ఫిషర్. డీజెనరేటివ్ డిస్క్ డిసీజ్." నేను వెళ్లిన ఆసుపత్రిలో డాక్టర్ గారు ఫిల్మును లైటు ముందు పెట్టి చూశారు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష చెయ్యలేదు. "రెండు డిస్కులు అరిగిపోయాయి, స్క్రూలు వేసి పూసలు కలిపేయాలి, వారంలోపు చెప్పండి" అన్నారు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. తుమ్ము వచ్చినా లోపల ఏదో విరుగుతుందేమోనని భయం. పరుపు తీసేసి చెక్క బల్ల మీద పడుకుంటున్నాను. ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, దయచేసి.

నల్లకుంట_అక్క · సోమవారం రాత్రి 11:52

బాబూ, ముందు ఆ "వారంలోపు" అన్న మాటను మనసులోంచి తీసెయ్. కాళ్లు ఆడుతున్నాయి, మూత్రం సరిగ్గా వస్తోంది అంటే తొందర లేదు. నాకు 52, స్కూల్లో టీచర్ని. 2016లో నాకూ ఇదే రిపోర్టు వచ్చింది. ఆపరేషన్ లేకుండానే ఇవాళ్టికీ రోజుకు ఆరు పీరియడ్లు నిలబడి చెప్తున్నాను. వివరంగా రేపు రాస్తాను, నిద్రపో.

చార్మినార్_చాయ్ · మంగళవారం ఉదయం 6:40

అన్నా, మా గల్లీలో ఎదురుకాళ్లతో పుట్టిన ఒకామె ఉంది. నడుం పట్టేసినవాళ్లు పొద్దున్నే ఆమె దగ్గరికి పోయి కాలితో తన్నించుకుని వస్తారు. మా నాయనకు రెండు సార్లు తగ్గింది. మీకు మేలు జరగాలనే చెప్తున్నా.

నలుపు_తెలుపు · మంగళవారం ఉదయం 8:15

రేడియాలజీలో పీజీ చేస్తున్నాను. మీ ఫిల్ములు చూడలేదు కాబట్టి మీ నడుం మీద తీర్పు చెప్పను. రిపోర్టులో మాటల అర్థం మాత్రం చెప్తాను. ఎల్4, ఎల్5 అంటే నడుం చివరి రెండు పూసలు, ఎస్1 వాటి కిందిది.

మెడనుంచి నడుం దాకా పూసల మధ్య 23 డిస్కులుంటాయి. ఒక్కోదాని నడిమధ్యన జిగురు జిగురుగా గుజ్జు, చుట్టూ ఉల్లిపొరల్లా అల్లుకున్న గట్టి నార. చిన్నతనంలో ఆ గుజ్జులో 80 నుంచి 90 శాతం నీళ్లే. నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్లు వయసుతో తగ్గుతాయి, దాంతో నీరూ తగ్గుతుంది. ఎమ్మారైలో టీ2 అనే రకం బొమ్మలో నీరున్నచోట తెల్లగా, ఎండినచోట నల్లగా కనిపిస్తుంది. డెసికేషన్ అంటే ఆ ఎండడమే. గాలి తగ్గిన టైరు పక్కలకు ఉబ్బినట్టు డిస్కు అంచులు చుట్టూరా కాస్త బయటికి వస్తే బల్జ్. ఫిషర్ అంటే నారలో చీలిక. చివర్న రాసిన "డిసీజ్" అనే మాట చూసే జనం బెంబేలెత్తుతారు. అది క్యాన్సర్ లాగానో షుగర్ లాగానో వచ్చిపడిన జబ్బు కాదు.

నొప్పి అస్సలు లేనివాళ్ల నడుముల్ని స్కాన్ చేస్తే ఏం కనిపించిందో చెప్తాను. 3110 మంది వివరాలు కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. ఇరవై ఏళ్ల వయసుకే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. ముప్ఫై ఏళ్లకు 52, నలభైకి 68, ఎనభైకి 96 శాతం. బల్జ్ కూడా ముప్ఫై ఏళ్లవాళ్లలో 40 శాతం మందికి ఉంది. వీళ్లెవరికీ నడుం నొప్పి లేదు, మళ్లీ చెప్తున్నాను. ఈ అంకెలు ప్రతి నడుం ఎమ్మారై రిపోర్టు కిందా తెలుగులో అచ్చు వేయించాలని నాకు బలంగా ఉంది.

కొంపల్లి_కిరణం · మంగళవారం మధ్యాహ్నం 1:05

నలుపు_తెలుపు గారూ, మీ అంకెల్ని కాదనను. కానీ "అందరికీ ఉండేదే" అన్న మాట నేను ఆరేళ్లుగా వింటున్నాను. అది విన్నప్పటినుంచి మా ఇంట్లో నా నొప్పిని నమ్మడం మానేశారు. పెళ్లికి వెళ్తే పీటల దగ్గర పది నిమిషాలు కూర్చోలేను. సినిమాకు వెళ్లి నాలుగేళ్లయింది. బస్సులో సీటు దొరికినా నిలబడే వెళ్తాను. నాకూ ఎల్5-ఎస్1 డిస్కే నల్లగా ఉంది. దానికీ నా నొప్పికీ సంబంధమే లేదంటారా?

నలుపు_తెలుపు · మంగళవారం మధ్యాహ్నం 1:40

క్షమించండి, సగమే చెప్పి వదిలేశాను. సంబంధం ఉంది. అదే బృందం అదే ఏడాది 50 ఏళ్లలోపు వాళ్ల మీద ఇంకో పరిశీలన చేసింది. నొప్పి లేనివాళ్లలో 34 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంటే, నొప్పి ఉన్నవాళ్లలో 57 శాతం మందికి ఉంది. డిస్కును ఆనుకున్న ఎముక అంచులో వాపు లాంటి మార్పు వస్తే దాన్ని మోడిక్ టైప్ 1 అంటాం. అది ఉన్నచోట నొప్పితో చుట్టరికం ఇంకా గట్టిది. కాబట్టి అరిగిన డిస్కు నొప్పి పెట్టగలదు. అయితే ఫలానా మనిషిలో నొప్పి పెడుతున్నది ఆ డిస్కేనని ఫిల్ము ఒక్కటే చెప్పలేదు. మీ నొప్పి అబద్ధమని మాత్రం ఏ ఫిల్మూ చెప్పదు.

ఉప్పల్_ఫిజియో · మంగళవారం రాత్రి 9:30

రోజంతా పేషంట్లతో సరిపోయింది, ఇప్పుడే చూశాను. కిరణం గారి ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పాలి.

ఆరోగ్యంగా ఉన్న డిస్కులో నరాలు బయటి పొరల్లో మాత్రమే ఉంటాయి. లోపలి గుజ్జుకు నొప్పి తెలియదు. నార చీలి, గుజ్జు ఎండినప్పుడు కొందరిలో ఆ చీలికల వెంట సన్నటి నరాలు, రక్తనాళాలు లోపలికి పాకుతాయి. 1997లో బ్రిటన్‌లో ఆపరేషన్లలో తీసిన డిస్కులను సూక్ష్మదర్శినిలో చూసి ఈ సంగతి రాశారు. వాపు పుట్టించే రసాయనాలు ఆ నరాలను ఇంకా రెచ్చగొడతాయి. అప్పటిదాకా పట్టని చిన్న ఒత్తిడికి కూడా డిస్కు నొప్పి పెడుతుంది. ఎండిన డిస్కులు అందరిలో ఉన్నా కొందరికే ఎందుకు నొప్పి అన్నదానికి జవాబులో ఇదొక ముక్క.

ఈ రకం నొప్పి నడత మియాపూర్ గారు రాసినట్టే ఉంటుంది. నడిమధ్యన నొప్పి, కూర్చున్నా ముందుకు వంగినా పెరగడం, దగ్గితే కలుక్కుమనడం, నడిస్తే తేలికపడటం. పొద్దున్నే ఎందుకు ఎక్కువంటే, రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పగలంతా మన బరువుకు ఆ నీరు మెల్లగా బయటికి పోతుంది. అందుకే సాయంత్రానికి మనిషి ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా పొట్టి అవుతాడు. లేచిన మొదటి గంటలో డిస్కు నీటితో బిగిసి ఉంటుంది, వంగితే నార మీద లాగుడు ఎక్కువ. పొద్దున వంగడం మాన్పించి చూస్తే పాత నడుం నొప్పి తగ్గిందని 1998లో ఒక అమెరికా పరిశోధనలో తేలింది. మన ఆడవాళ్లేమో కళ్లు తెరవగానే వంగి వాకిలి ఊడుస్తారు, కళ్లాపి చల్లుతారు, ముగ్గు వేస్తారు, నల్లా వచ్చే టైముకు బిందెలెత్తుతారు. ఆ గంటకే ఆ పనులన్నీ! నా దగ్గరికొచ్చే అమ్మలకు మొట్టమొదట చెప్పేది ఇదే: ముగ్గు మానొద్దు, లేచాక గంట ఆగి వెయ్యండి, పీట మీద కూర్చుని వెయ్యండి.

ఇంకొక్క విషయం. డిస్కుకు సొంత రక్తనాళాలు దాదాపు లేవు. పైనా కిందా ఉన్న ఎముక పలకల గుండా ఊరుతూ వచ్చేదే దాని తిండి. నొక్కు పడటం, వదలడం, మళ్లీ నొక్కు పడటం, ఈ కదలికతోనే దానిలోకి నీరు వచ్చిపోతుంది. "అరిగింది కదా, కదిలితే ఇంకా అరుగుతుంది" అని మంచమెక్కడం అందుకే తప్పు. ఇది చెప్పులు అరిగిన తీరు అరుగుదల కాదు. ఫిన్‌లాండ్‌లో కవలల్ని పట్టుకుని ఏళ్ల తరబడి చూశారు. ఒకరు బరువులెత్తే పని, ఇంకొకరు కుర్చీ పని చేసిన జంటల్లో కూడా డిస్కుల మధ్య తేడా చాలా కొంచెమే కనిపించింది. పుట్టుకతో వచ్చిన జన్యువుల పాత్రే పెద్దది. కాబట్టి మియాపూర్ గారూ, షూ లేసు కట్టుకోవడం వల్ల మీ డిస్కు పాడవలేదు. మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

స్టీరింగ్_అన్న · బుధవారం ఉదయం 5:50

తమ్మీ, నేను ఆర్టీసీల 26 ఏండ్లు బస్సు నడిపిన. నడుం నొప్పి ఏందో నాకు తెల్వంది గాదు. గుంతల రోడ్డు మీద పొద్దటి డ్యూటీ ఎక్కితే దిగేదాంక కింది పూసల దడదడ. 2011ల ఎమ్మారై తీస్తే మూడు డిస్కులు పోయినయన్నరు. ఇంటికాడ ఇరవై రోజులు పండుకున్న. పండుకున్నకొద్ది బిగుసుకపోయిన. ఆఖరికి ఒక ఫిజియో మేడం చెయ్యి వట్టి లేపి, "అన్నా, డిపో గేటు దాంక నడిచి రా" అన్నది. అట్ల మొదలైంది. ఇప్పుడు నాకు 61. మొన్న వేరే పని మీద స్కాన్ తీస్తే డిస్కులు అప్పటికంటె ఘోరంగున్నయట. నొప్పి మాత్రం అప్పటంత లేదు. డాక్టర్లే చెప్పాలె ఇదేందో.

ఉప్పల్_ఫిజియో · బుధవారం ఉదయం 7:10

అన్నా, మీరు చెప్పింది చాలామందిలో చూస్తాం. డిస్కు ఎండటం మొదలైనప్పుడు ఆ కీలు కాస్త వదులవుతుంది, నొప్పుల కాలం అదే. తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ అంచుల్లో ఎముక పెరిగి, నార బిగిసి, ఆ చోటు గట్టిపడుతుంది. కదలిక తగ్గుతుంది, దాంతో నొప్పీ తగ్గొచ్చు. కిర్కాల్డీ-విల్లిస్ అనే సర్జన్ ఈ దశల లెక్క చెప్పారు. అందరిలో ఇలాగే జరుగుతుందని కాదు. పెద్ద వయసులో అంచుల్లో పెరిగిన ఎముక నరాల దారిని ఇరుకు చేస్తే, నడుస్తుంటే కాళ్లు బరువెక్కడం మొదలవుతుంది. మీకు అది రాకూడదని కోరుకుంటున్నాను. బస్సు కుదుపు గురించి కూడా మీ మాట నిజం. సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు ఊగే కుదుపు కూర్చున్న మనిషి వెన్నుకు బాగా సోకుతుంది.

చార్మినార్ తమ్ముడూ, నువ్వు మంచి మనసుతో చెప్పావని తెలుసు. కలుక్కుమన్న నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే దిగిపోతుంది. మీ నాన్నగారికి తగ్గింది ఆ తన్నువల్లేనని అనుకోవడానికి లేదు. ఎముకలు పలచబడ్డ పెద్దవాళ్ల నడుం మీద అలా తన్నిస్తే పూస నలిగే ప్రమాదముంది. నాన్నగారిని ఇంకోసారి పంపొద్దు.

సరూర్‌నగర్_చెల్లి · బుధవారం రాత్రి 10:15

ఇది చదివే ప్రతి ఒక్కరికీ ఒక మాట. మా నాన్నకు పదేళ్లుగా నడుం నొప్పి. అందరికీ ఉండేదే అనుకున్నాం. రెండేళ్ల కిందట ఒక రాత్రి రెండు కాళ్లూ లాగేస్తున్నాయన్నారు. తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరి. మూత్రం రావట్లేదంటే నీళ్లు తక్కువ తాగారేమో అనుకున్నాం. నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టాం. మర్నాడూ అలాగే గడిచిపోయింది. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. పెద్ద డిస్కు ముక్క జారి కింది నరాలన్నిటినీ నొక్కేసిందన్నారు. ఆపరేషన్ చేశారు, నడుస్తున్నారు. మూత్రానికి మాత్రం ఇప్పటికీ గొట్టమే.

ఆ తిమ్మిరి గురించి ముందు ఎవరైనా చెప్పి ఉంటే అర్ధరాత్రే 108కి ఫోన్ చేసేవాళ్లం. మీరు ఆలస్యం చెయ్యకండి.

నలుపు_తెలుపు · బుధవారం రాత్రి 10:40

చెల్లీ, ఇది రాసినందుకు చాలా థాంక్స్. దీన్ని కాడా ఈక్వైనా అంటారు. గంటల్లో చూడాల్సిన స్థితి. మన దగ్గర ఇంకొకటి కూడా మరవకూడదు, వెన్నుపూస టీబీ. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని నొప్పి ఉంటే డిస్కు అరుగుదల అని సరిపెట్టుకోవద్దు. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు, స్టెరాయిడ్లు చాలాకాలం వాడినవాళ్లు, పడి దెబ్బ తగిలినవాళ్లు కూడా ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవాలి. ఎమ్మారై నిజంగా అవసరమయ్యేది ఇలాంటప్పుడే.

బస్తీ_డాక్టర్ · గురువారం మధ్యాహ్నం 3:20

బస్తీ దవాఖానాలో పనిచేస్తాను. రోజూ చూసే పేషంట్లలో నడుం నొప్పివాళ్లు చాలామంది. స్క్రూల సంగతి ఇంకా ఎవరూ తియ్యలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

రెండు రకాల ఆపరేషన్లను జనం ఒకటే అనుకుంటారు. డిస్కు ముక్క జారి నరాన్ని నొక్కి కాల్లోకి భరించలేని నొప్పి వస్తే ఆ ముక్క తీసేయడం ఒకటి. దానితో కాలి నొప్పి త్వరగా తగ్గుతుంది. 2007లో నెదర్లాండ్స్ పరిశోధనలో తొందరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ముందే కోలుకున్నారు, ఆగి చూసినవాళ్లు ఏడాది తిరిగేసరికి వాళ్లను అందుకున్నారు. జారిన ముక్క చాలాసార్లు దానంతటదే కరిగిపోతుంది, అదీ పెద్ద ముక్కలే ఎక్కువగా. రెండోది ఉత్త నడుం నొప్పికి, అరిగిన డిస్కు అని చెప్పి పూసలు కలిపేయడం. దీనికి ఆధారం బలహీనం. 2001లో స్వీడన్‌లో మామూలు వైద్యంకంటే మేలన్నారు. కానీ తర్వాత నార్వేలోనూ, 2005లో బ్రిటన్‌లో 349 మంది మీదా గట్టి కసరత్తు శిక్షణతో పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2016 బ్రిటన్ మార్గదర్శకాలు ఉత్త నడుం నొప్పికి పూసలు కలిపే ఆపరేషన్‌ను పరిశోధనలో భాగంగా తప్ప చెయ్యొద్దంటున్నాయి. బెల్టులు, ట్రాక్షన్ (నడుమును లాగి పెట్టడం) కూడా ఇవ్వొద్దన్నాయి. మన వీధి చివర మెడికల్ షాపుల్లో వేలాడే బెల్టులు చూస్తే నాకు బాధేస్తుంది. కూలి డబ్బులు పెట్టి కొనుక్కుంటారు.

మియాపూర్ గారూ, మీకు కాల్లోకి నొప్పి లాగడం లేదు, బలహీనత ఉందో లేదో పరీక్షే చెయ్యలేదు. ఇంకో వెన్నుపూస సర్జన్‌కు చూపించండి. కాలు ఎత్తించి, మడమల మీద నడిపించి, సుత్తితో తట్టి చూసే డాక్టర్‌కు చూపించండి. పారాసిటమాల్ ఒక్కటే అయితే కొత్త నడుం నొప్పికి మందు లేని ఉత్తి మాత్రకంటే ఎక్కువ పనిచెయ్యలేదని 2014లో తేలింది. నొప్పి మాత్రలు కొద్ది రోజులకు మించి వాడొద్దు, కిడ్నీలూ కడుపూ దెబ్బతింటాయి. సిగరెట్ తాగితే మానండి. చెక్క బల్ల తీసేసి పరుపు వేసుకోండి. మరీ గట్టిదానికంటే మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపే నడుం నొప్పివాళ్లకు మేలని 2003లో స్పెయిన్‌లో 313 మంది మీద చేసిన పరిశోధన చెప్పింది.

మల్కాజిగిరి_మనిషి · గురువారం సాయంత్రం 6:05

డాక్టర్ గారు చెప్పిన మొదటి రకం నేను చేయించుకున్నాను. మూడు నెలలు ఎడమ పిక్క నిప్పుల్లో పెట్టినట్టుండేది, పాదం మొద్దుబారింది. ముక్క తీసిన రాత్రే కాలి నొప్పి పోయింది. ఆ సర్జన్‌కు చేతులెత్తి దణ్ణం పెడతాను. ఆపరేషన్ అంటేనే మోసం అనుకోకండి. నడుం నొప్పి మాత్రం అప్పుడప్పుడూ వస్తూనే ఉంది, దానికి నడకే.

నల్లకుంట_అక్క · గురువారం రాత్రి 8:45

నేను చెప్తానన్నది ఈ నడక గురించే. 2016లో పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో ఐదు నిమిషాలతో మొదలుపెట్టాను, వారానికి కొంచెం కొంచెం పెంచాను. ఇప్పుడు నలభై నిమిషాలు. నొప్పి ఎక్కువైన రోజు మానను, సగం దూరం నడిచి వస్తాను. పేపర్లు దిద్దేటప్పుడు అరగంటకోసారి లేస్తాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు నడుం పట్టేస్తుంది, వారంలో వదిలేస్తుంది. మొదట్లో ప్రతిసారీ డిస్కు మళ్లీ జారిందేమోనని ఏడ్చేదాన్ని.

ఉప్పల్_ఫిజియో · గురువారం రాత్రి 9:15

అక్కా, మీ అనుభవానికి గట్టి ఆధారమే ఉంది. 2024లో ఆస్ట్రేలియాలో నడుం నొప్పి తగ్గినవాళ్లను 701 మందిని తీసుకుని, సగం మందికి మెల్లగా పెంచుకుంటూ పోయే నడక, కాస్త వివరణ ఇచ్చారు. నొప్పి తిరగబెట్టడానికి మిగతావాళ్లకు సగటున 112 రోజులు పడితే వీళ్లకు 208 రోజులు పట్టింది. పరికరాలు లేవు, ఫీజు లేదు.

మియాపూర్_మజిలీ · పదకొండు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 9:00

మీ అందరికీ రుణపడి ఉన్నాను. ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో చూపించాను. మూడు గంటలు లైన్లో నిలబడ్డాను, కానీ ఆ డాక్టర్ గారు పావుగంట పరీక్ష చేశారు. మడమల మీద, మునివేళ్ల మీద నడిపించారు, ఒక్కో కాలూ ఎత్తించారు. "నరాలు బాగున్నాయి, స్క్రూలు అక్కర్లేదు, ఫిజియోకు వెళ్లు" అన్నారు. నొప్పి పూర్తిగా పోలేదు. పదికి ఏడు ఉండేది, ఇప్పుడు రెండు మూడు. మధ్యలో రెండు రోజులు మళ్లీ పట్టేసింది, ఆఫీసుకు సెలవు పెట్టాను, కానీ భయపడలేదు. బండి మానేసి హఫీజ్‌పేటలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కుతున్నాను, స్టేషన్‌కు నడిచే వెళ్తాను. పొద్దున మొహం నిలబడి మగ్గుతో కడుక్కుంటున్నాను, లేచిన గంట దాకా వంగడం లేదు. తుమ్ముకు భయం పోయింది.

కిరణం గారూ, మీరెలా ఉన్నారు?

కొంపల్లి_కిరణం · ఆదివారం ఉదయం 11:30

నొప్పి అలాగే ఉంది. కానీ ఈ చర్చను మా ఆయనతో మొదటినుంచి చివరిదాకా చదివించాను. చదివాక చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు పొద్దున బిందెలు ఆయనే ఎత్తుతున్నారు. వచ్చే వారం ఫిజియోకు వెళ్తున్నాం.

బోడుప్పల్_కొత్త · ఆదివారం రాత్రి 8:20

నమస్తే, ఇవాళే చేరాను. నాకు 29. నాదీ అచ్చం మియాపూర్ గారి రిపోర్టే, ఎల్4-ఎల్5 దగ్గర మాత్రం ఎక్స్‌ట్రూషన్, అంటే గుజ్జు నార దాటి బయటికి వచ్చిందని ఉంది. ఇదంతా చదివి ధైర్యం వచ్చింది. రేపటినుంచి నడక మొదలుపెడతాను. ఐదు రోజులుగా ఎడమ బొటనవేలు పైకి లేవడం లేదు, చెప్పు జారిపోతోంది. నడిస్తే అదీ సర్దుకుంటుందా?

బస్తీ_డాక్టర్ · ఆదివారం రాత్రి 8:32

తమ్ముడూ, ఆగు. రిపోర్టు ఒకటే అయినా నీది మియాపూర్ గారి కథ కాదు. వేలు లేవడం లేదంటే నరం బలహీనపడుతోంది. రేపు పొద్దున్నే వెన్నుపూస లేదా న్యూరోసర్జరీ ఓపీకి వెళ్లు, ఎమ్మారై ఫిల్ములు వెంట తీసుకెళ్లు. ఈ రాత్రి మూత్రం ఆగినా, కూర్చునే చోట తిమ్మిరి వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపో. ఇంట్లో తోడు ఎవరున్నారు?

బోడుప్పల్_కొత్త · ఆదివారం రాత్రి 8:41

అన్నయ్య ఉన్నాడు. పొద్దున ఆరింటికి బయల్దేరుతున్నాం.